రాహుకాలం కోసం ఆగిన సైకిళ్లు

మొయినాబాద్‌లో ఉగాదికి అందరికంటే ముందు పంచాంగం కొనేది నేనే. ముప్పై ఏళ్లుగా జాతకాలకూ ముహూర్తాలకూ వ్యతిరేకంగా వ్యాసాలు రాసి, సభల్లో బల్ల గుద్ది వాదించినవాడు చెప్పుకోవలసిన మాట కాదిది. అయినా నిజం. చౌరస్తాలోని పుస్తకాల దుకాణదారు నన్ను చూడగానే కొత్త పంచాంగం తీసి బల్ల మీద పెడతాడు. "మీ అంత శ్రద్ధ మా పంతులుకు గూడ లేదు సారూ" అంటాడు. మెచ్చుకుంటున్నాడో ఎగతాళి చేస్తున్నాడో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

దీనికంతటికీ మా సైకిల్ యాత్రే కారణం. మా హేతువాద సంఘం ఏటా చలికాలంలో నాలుగు రోజులు సైకిళ్ల మీద బయల్దేరుతుంది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల, అక్కడి నుంచి వికారాబాద్ దాటి అనంతగిరి గుట్టలెక్కి, గుట్టల్లోని ఊళ్లు తిరిగి, పరిగి, షాబాద్ మీదుగా వెనక్కి. ఇరవై మందిమి ఉంటాం. ఊరూరా ఆగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తాం. మావి హిమాలయాలు కావని తెలుసు. కానీ యాభై దాటిన మోకాళ్లకు అనంతగిరి ఎక్కుడు చాలు.

మొదటి ఏడు ఎప్పుడు బయల్దేరాలన్న చర్చ వచ్చినప్పుడు ఎవరో అమాయకంగా "మంచి టైం చూసి పోదాం" అన్నారు. ఎండ పడకముందు అని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం ఒళ్లు మండింది. "మంచి టైమా? మన సంఘంలోనా?" అని లేచాను. అరగంట మాట్లాడి, అక్కడికక్కడే తీర్మానం రాశాను. యాత్ర ఏడాదిలోకెల్లా చెడ్డరోజున మొదలు కావాలి. నాలుగు రోజులూ, ఏ రోజుకా రోజు, సరిగ్గా రాహుకాలంలోనే సైకిలెక్కాలి. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో ఒక చిన్న సంగతి నాకు తట్టలేదు. రాహుకాలాన్ని తప్పించుకోవాలనుకునేవాడు గడియారం వైపు ఒకసారి చూస్తే చాలు. అందులోనే బయల్దేరాలనుకునేవాడు నిమిషం పొల్లుపోకుండా లెక్క కట్టాలి. విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడైన మా అధ్యక్షుడు, పంచాంగంలో ఇచ్చిన సూర్యోదయం మొయినాబాద్‌ది కాదని వాదించి, రాహుకాలాన్ని మూడు నిమిషాలు సవరించాడు. అంత నిష్ఠ మా తాతలకు కూడా ఉండేది కాదు.

రాహుకాలం ఒక్కటే ఉంటే ఏం బాగుంటుందని తర్వాత శకునాలు చేర్చాం. ఒక ఏడు నశ్యం పంచి అందరి చేతా ఒక్కసారిగా తుమ్మించాం. మరో ఏడు గంపలో పిల్లిని తెచ్చి రోడ్డుకడ్డంగా వదిలాం. చివరికి, ఇదీ నా సలహానే, జెండా ఊపడానికి భర్త పోయిన స్త్రీని పిలవాలని నిర్ణయించాం. ఆమె ఎదురు రావడం అపశకునం అంటారు కదా, ఆమె చేతి మీదుగానే బయల్దేరుదాం అన్నాను. ఆ ఏడు ఆ విషయం మీద నేను రాసిన వ్యాసానికి మంచి పేరే వచ్చింది.

అలా ఆరేళ్లు మాకు జెండా ఊపినామె చిన్న మంగళారం మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. తెల్లవారక ముందే పెద్ద క్యారియరున్న మగవాళ్ల సైకిల్ మీద పాలకూర, కొత్తిమీర, మెంతికూర కట్టలు వేసుకొచ్చి, మొయినాబాద్ బస్టాప్ దగ్గర గోనెపట్టా పరిచి అమ్ముతుంది. ఏటా మా కార్యదర్శి మైకు పట్టుకుని "భర్తను కోల్పోయిన ఈ సోదరి ఎదురు రావడమే మాకు శుభం!" అని అరిచేవాడు. ఆమె జెండా ఊపేది. మేం వెళ్లిపోయేవాళ్లం. తర్వాత ఆమె ఏం చేసేదో, ఎటు వెళ్లేదో మాలో ఎవరమూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె జెండా ఊపాల్సిన ఏడో ఏడు పంచాంగం మమ్మల్ని కరుణించింది. పుష్యమాసంలో మంగళవారం నాడు అమావాస్య పడింది. ఇంతకంటే చెడ్డరోజు ఎక్కడ దొరుకుతుంది? ఆ సంతోషంతో నేనూ కార్యదర్శీ ఆమె దగ్గరికి వెళ్లాం.

"ఈసారి మంగళారం అమాస వచ్చింది చెల్లె. మూడింటికి జెండ ఊపాలె" అన్నాను.

ఆమె కట్టల మీద నీళ్లు చల్లుతోంది. తలెత్తలేదు. "జెండ ఊపను అన్నా. ఈసారి నేను గూడ వస్త, సైకిల్ మీద."

కార్యదర్శి నవ్వాడు. ఊళ్లో ముప్పై ఎకరాలున్న ఇంటివాడు, విత్తనాల దుకాణం ఉంది, వచ్చే ఎన్నికల మీద కన్నుంది. అందుకే అందరినీ అక్కా అన్నా అని పిలుస్తాడు. "గుట్ట ఎక్కుడు మాటలు గాదక్కా."

"రోజు నలభై కిలోల కూర ఏసుకొని తొక్కుతున్న పటేలా. మీరేం ఏసుకొని తొక్కుతరు, గా కాయితాలేనాయె?"

కరపత్రాలని ఆమె ఉద్దేశం. వాటిలో సగం నేను రాసినవే.

"గది గాదక్కా..."

"ఏది గాదు? ఆరేండ్ల సంది పంపుతున్న మిమ్ముల. పోయేది మీరు, ఊపేది నేను. జర నేను గూడ సూడొద్దా, గా గుట్ట ఎట్లున్నదో?" అని, నీళ్ల చెంబు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "అన్నా, ఒక మాట చెప్త, ఏమనుకోకు. మా ఆయన పోయి పదేండ్లాయె. మొదట్ల మా వాడకట్టోళ్లు నన్ను సూసి తప్పుకునేటోళ్లు. తర్వాత మెల్లగ మరిచిండ్రు. ఆకుకూరలామె అనేటోళ్లు, అంతే. మీరొచ్చి మైకుల చెప్పవట్టినంక మల్ల యాదికొచ్చింది వాళ్లకు. గిప్పుడు పక్కింటవ్వ ఊరికి పోతుంటె నేను ఎదురొస్తె చాలు, వాపసు ఇంట్లకు పోయి, కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి, జరసేపు కూసోని పోతది. గిట్ల లేకుండె మొదలు."

ఆమె వాడిన ఆకులు ఏరి పక్కన పారేసింది.

"గందుకే వస్తనంటున్న. మైకుల నా మొగుని ముచ్చట ఇన్నరు గద, గిప్పుడు నేను సైకిల్ మీద పోంగ సూడాలె వాళ్లు. తిరిగొచ్చుడు గూడ సూడాలె."

మరుసటి రోజు విత్తనాల దుకాణంలో కమిటీ కూర్చుంది. బస్తాల మీద ఏడుగురం, అందరం మగవాళ్లమే. స్త్రీల సమానత్వం మీద మా సంఘం ప్రచురించిన పుస్తకాలు ఆ బస్తాల వెనకే కట్టలు కట్టి ఉన్నాయి. ఆమె రావడానికి సూత్రప్రాయంగా ఎవరికీ అభ్యంతరం లేదన్నారు. సూత్రప్రాయంగా అన్నాక ఇక అసలు మాటలు మొదలయ్యాయి. పడక ఎక్కడ? బడుల్లో పడుకుంటాం కదా, ఆమెకు వేరే గది దొరుకుతుందా? మధ్యలో కాళ్లు పట్టుకుపోతే ఎవరు మోస్తారు? ఒకాయనైతే "జనం ఏమనుకుంటరు?" అని కూడా అన్నాడు. జనం ఏమనుకుంటారో పట్టించుకోకూడదని చెప్పడానికే ఏటా నూటయాభై కిలోమీటర్లు తొక్కుతున్నాం.

తర్వాత ఎర్రదారం మీద చర్చ జరిగింది. ఆమె సైకిల్ హ్యాండిల్‌కు ఎర్రదారం కట్టి ఉందని ఒకరు గమనించారు. దిష్టి దారంతో హేతువాద యాత్రలోకి ఎలా రానిస్తాం? విప్పించాలని కొందరు, నచ్చజెప్పి విప్పించాలని కొందరు. ముప్పావు గంట గడిచింది.

"సరే, ఆమె సైకిలెక్కితే జెండ ఎవరు ఊపాలె?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇంకొక సోదరిని సూద్దాం సారూ" అన్నాడు కార్యదర్శి. మన దగ్గర లిస్టు ఉంటే బాగుండేదన్నట్టు అన్నాడా మాట.

అప్పుడు నేను, సంఘంలో పదునైన వాదనకు పేరున్న నేను, మధ్యేమార్గం చెప్పాను. ముందు ఆమే జెండా ఊపాలి, ఊపిన వెంటనే సైకిలెక్కి మాతో రావాలి.

"అంటె నాకు నేనే ఎదురొచ్చుకోవాల్నా అన్నా?"

గుమ్మంలో ఆమె. కొత్తిమీర విత్తనాల కోసం వచ్చిందట. ఎంతసేపయిందో తెలియదు.

"గా దారం ముచ్చట గూడ విన్న. అది బెల్లు ఊడకుంట కట్టిన సారూ. నట్టు పోయింది. నట్టిస్తె దారం ఇప్పుత" అని, దుకాణంలోకి వచ్చి విత్తనాల పొట్లం చేతిలోకి తీసుకుంది. "ఇగ జెండ అంటున్నరు. మీ ఇండ్లల్ల ఎవలు లేరా పటేలా? మీ అవ్వ లేదా?"

కార్యదర్శి తండ్రి పోయి ఎనిమిదేళ్లు. ఆ ఇంటి పెద్దావిడను ఊరంతా గౌరవిస్తుంది. ఆమెను రోడ్డు మీద నిలబెట్టి ఆ మాట మైకులో చెప్పాలన్న ఊహ ఈ ఆరేళ్లలో ఎవరికీ రాలేదు.

"మా అవ్వకు మోకాళ్లు నొస్తయక్కా" అన్నాడు కార్యదర్శి.

"జెండ మోకాళ్లతోని ఊపుతరా?"

ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. నా ఇంట్లో మా అక్క ఉంది. బావ పోయాక పద్నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. అపశకునం మీద నా వ్యాసం అచ్చయిన రోజు దాన్ని చదివి టీ పెట్టి ఇచ్చింది కూడా. ఆమెను నేను ఒక్కసారీ అడగలేదు. సాయంత్రం ఇంటికెళ్లి అడిగాను, జెండా ఊపుతావా అని.

అక్క బియ్యం ఏరుతోంది. "ఎందుకురా, నలుగురిల నా మొగడు పోయిన ముచ్చట మైకుల చెప్పిచ్చుకోనీకా?" అంది.

నా ముప్పై ఏళ్ల వాదనల్లో అంత చిన్న జవాబుకు నేనెప్పుడూ ఓడిపోలేదు.

మంగళవారం మధ్యాహ్నం చౌరస్తాలో సైకిళ్లు వరుసగా నిలిపాం. ఆమె రావడానికి కమిటీ ఒప్పుకుంది, జెండా ఊపడానికే ఎవరూ దొరకలేదు. ఆ లోటు తీర్చడానికి కార్యదర్శి మళ్లీ గంపలో పిల్లిని తెచ్చాడు. ఆమె రెండున్నరకే వచ్చింది. చీర కుచ్చిళ్లు బిగించి కట్టి, పైన మగవాళ్ల చొక్కా వేసుకుంది. క్యారియర్ మీద దుప్పటి, సంచి. బస్టాప్ దగ్గర ఆమె వాడవాళ్లు నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు. కాళ్లు కడుక్కుని వెళ్లే పక్కింటవ్వ కూడా వాళ్లలో ఉంది.

మూడు కొట్టగానే అధ్యక్షుడు వేలెత్తాడు. గంప తెరిచారు. పిల్లి చుట్టూ చూసి, ఆగి ఉన్న ఆటో కిందికి దూరింది. అదిలించాం. అటువైపు కాదు, ఇటువైపు రమ్మని బతిమాలాం. ఒక పెద్దమనిషి మోకాళ్ల మీద వంగి మ్యావ్ మ్యావ్ అన్నాడు కూడా. ఆటోవాడు "మీరు జరుగుండ్రి, నా సవారి పోతున్నది" అని మొత్తుకుంటున్నాడు.

"పిల్లి దాటకుంటె మంచిదే గద సారూ. పోదాం పట్టుండ్రి" అంది ఆమె.

"అట్ల గాదమ్మా. దాటాలె" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె ఒక నిమిషం చూసింది. తర్వాత పెడల్ మీద కాలు పెట్టి, మగవాళ్ల సైకిలెక్కినట్టే కాలు తిప్పి ఎక్కి వెళ్లిపోయింది. దారం కట్టిన బెల్లు కొట్టుకుంటూ పోయింది. బస్టాప్‌లో జనం గొల్లున నవ్వారు. ఆమెను చూసి కాదు. పిల్లిని ఆటో కిందే వదిలి మేం వెంటపడ్డాం.

చేవెళ్లలో ఆ సాయంత్రం సభ బాగానే జరిగింది. నేను మాట్లాడుతున్నప్పుడు ఆమె రెండుసార్లు ఆవులించింది. సభ అయ్యాక "రేపెన్నింటికి?" అని అడిగింది.

"పన్నెండింటికి. బుధారం రాహుకాలం గప్పుడే" అన్నాను.

"మిట్ట మధ్యాహ్నం? గుట్ట ఎక్కుడు రేపే గద?"

"అది సిద్ధాంతం చెల్లె."

"వారం వర్జ్యం సూసుకుంట కూసుంటె నా పాలకూర వాడిపోతదన్నా. నేను ఆరింటికి పోత."

అధ్యక్షుడు పంచాంగం తెరిచి కంగారుపడ్డాడు. "ఆరింటికి అమృతఘడియలున్నయమ్మా! మనం అమృతఘడియల బయల్దేరినమంటె రేపు పేపరోళ్లు ఏం రాస్తరు?"

"అమ్రుతమో ఏందో సారూ. సల్లగుంటది" అంది ఆమె.

ఆ మాటతోనే మాకు బుద్ధి రావలసింది. రాలేదు. నమ్మకం ఉన్నవాడికి రాహువు ఏడాదికి పదిసార్లు అడ్డం వస్తాడు. మాకు రోజూ వస్తున్నాడు. ఆయన అనుమతి లేనిదే మేం సైకిలెక్కడం లేదు. ఇలా రాయడం ఇప్పుడు సులువే. ఆ బుధవారం పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా నేను చేవెళ్ల బడి వరండాలో కాళ్లు చాపుకుని, చల్లటి గాలి వృథాగా పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇద్దరు సభ్యులు ఆమెతో పాటే జారుకున్నారని ఎనిమిదింటికి తెలిసింది.

పన్నెండింటికి బయల్దేరాం. మనకు చలికాలమంటే ఉదయం, సాయంత్రమే. మధ్యాహ్నం తారు రోడ్డు మీద దాని జాడే ఉండదు. వికారాబాద్ చేరేసరికి ముగ్గురికి తల తిరిగింది, ఇద్దరికి పంక్చరైంది. ఒక పల్లెలో మమ్మల్ని గుట్ట మీది దేవుడి దగ్గరికి మొక్కు తీర్చుకోబోయే భక్తులనుకుని అరటిపళ్లు ఇచ్చారు. మేం భక్తులం కాదని చెప్పాల్సిన బాధ్యత అందరికీ గుర్తొచ్చింది. తినడం అయిపోయాక.

గుట్ట మొదటికి చేరేసరికి నాలుగున్నర. రెండో మలుపు దగ్గరే దిగి సైకిల్ నెట్టడం మొదలుపెట్టాను. పక్కన అడవిలో కోతులు మమ్మల్ని పెద్దగా లెక్కచేయలేదు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పైకి చేరేసరికి టీ బడ్డీ దగ్గర ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. ఉతికిన చీర పొద మీద ఆరేసి ఉంది, పూర్తిగా ఆరిపోయింది కూడా. పొద్దున పది దాటకముందే వచ్చిందట. ఆమెతో వచ్చిన ఇద్దరూ నిద్రపోయి లేచి పేకాడుతున్నారు.

"ఏమాయె అన్నా?" అంది నన్ను చూసి. "రాహువు ఎదురొచ్చిండా?"

"టీ చెప్పు ముందు" అన్నాను.

"దిగి నెట్టినవా?"

"ఒకటి రెండు మలుపులు."

"నేను ఒక్కకాడ దిగిన. ఆడ లోయ మంచిగ కనవడ్డది. సూద్దామని దిగిన." టీ గ్లాసు నా చేతికిచ్చింది. "గింత మంచిగున్నదని ఆరేండ్లల్ల ఒక్కపారి గూడ చెప్పకపోతిరి."

నిజమే. ఇన్నేళ్లలో మేం లోయను చూడలేదు. చీకటి పడేవేళకు పైకొచ్చేవాళ్లం, వచ్చి ఉపన్యాసం ఇచ్చేవాళ్లం.

గురువారం రాహుకాలం ఒంటిగంటన్నరకు. ఆ రోజు పొద్దున ఆరింటికి ఆమెతో తొమ్మిది మంది వెళ్లారు. గుట్టల్లో ఊళ్లు తిరిగి, పొలాలకు పోకముందే జనాన్ని కలిసి మాట్లాడారు. మధ్యాహ్నం మేం వెళ్లేసరికి "మీ మనుషులు పొద్దుగాలనే వచ్చిపోయిండ్రు" అన్నారు ప్రతి ఊళ్లో. ఏం మాట్లాడారని అడిగితే "ఒకామె వచ్చింది, సైకిల్ మీద గుట్టెక్కిందంట" అన్నారు. నా కరపత్రాల గురించి ఎవరూ అడగలేదు.

శుక్రవారం తెల్లవారుజామున షాబాద్‌లో మేం బస చేసిన బడిలో కళ్లు తెరిస్తే మిగిలింది ముగ్గురం. నేను, అధ్యక్షుడు, కార్యదర్శి. బయట సైకిళ్ల చప్పుడు. రాహుకాలం పదిన్నరకు. తీర్మానం రాసింది నేనే కదా, విడిచి ఎలా పోను అని ఒక నిమిషం ఆలోచించాను. తర్వాత చెప్పులు వెతుక్కున్నాను.

"నువ్వు గూడనా?" అన్నాడు అధ్యక్షుడు. ఆయన ఒడిలో పంచాంగం తెరిచే ఉంది.

"మోకాళ్లు నొస్తున్నయి సారూ" అన్నాను. కార్యదర్శి నన్ను చూసి తల దించుకుని నవ్వాడు. ఆ తర్వాత ఆయనా లేచాడు.

తొమ్మిదిన్నరకల్లా చిన్న మంగళారం చేరాం. ముందు ఆమె తన వాడలోకి వెళ్లాలంది. వెనక, అధ్యక్షుడు తప్ప మిగతా అందరం. వాడ మొదట్లో పక్కింటవ్వ సంచి పట్టుకుని ఎదురైంది. ఎక్కడికో ప్రయాణం. మమ్మల్ని చూసి ఆగింది. ఆమెను చూసింది. తిరిగి ఇంటి వైపు నడిచింది.

నాలో ఉపన్యాసం లేచింది. నోరు తెరవబోయాను. ఆకుకూరలామె వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. సైకిల్ అరుగుకు ఆనించి, చెమట తుడుచుకుంది.

అవ్వ కాళ్లు కడుక్కుంది. చెంబుతో నీళ్లు తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. సగం నీళ్లు తాగి చెంబు దించింది.

"నిజంగ గుట్ట ఎక్కినవా?"

"ఎక్కిన అవ్వా."

"మొత్తం తొక్కుకుంటనే?"

"ఒక్కకాడ దిగిన."

"చలున్నదా పైన?"

"పొద్దుగాల మస్తున్నది. మబ్బు కాళ్ల కింద ఉన్నట్టు కొడ్తది."

"మబ్బు కిందనా? తియ్, ఏం చెప్తవ్!"

"ఒట్టు అవ్వా. ఈ అన్ననడుగు... ఆయననడగకు, ఆయన మాపటికొచ్చిండు."

అవ్వ పళ్లు లేని నోటితో నవ్వింది. చెంబులో మిగిలిన నీళ్లు తాగబోయి, ఏమనుకుందో, ఆమె చేతికిచ్చింది. ఆమె తాగింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కోతుల ముచ్చట, లోయ ముచ్చట, ఒకామె ఎక్కితే ఇంకొకామె ఎక్కలేకపోతుందా అన్న ముచ్చట. వాడలో ఇంకో ఇద్దరాడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒకామె దారం కట్టిన బెల్లు కొట్టి చూసింది. రోడ్డు మీద చేవెళ్ల బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"నీ బస్సు పోయినట్టున్నదవ్వా" అన్నాను.

"పోనీ తియ్, ఇంకొకటొస్తది" అంది అవ్వ, నా వైపు చూడకుండానే. "ఆ తర్వాత ఏమాయె చెప్పవే, దిగేటప్పుడు బిరేకు పట్టిందా?"